ఒడ్డు చేరేదాకా ఆగని పాట

మా బావ సిద్ధిరాములుకు వ్యవసాయం తప్ప అన్నీ వచ్చునని మా బాపు బాలయ్య అనేవాడు. పెద్దమనిషి కనుక అంత మర్యాదగా అన్నాడు. బామ్మర్దినైన ఈ నర్సింలును అడిగితే, మా బావకు హార్మోనియం తప్ప ఏదీ రాదు. ఎద్దును చూస్తే పక్కకు జరుగుతాడు. నాగలి పట్టమంటే ఎటువైపు పట్టాలో అడుగుతాడు. రాజంపేటలో పదిమందికి బువ్వపెట్టే ఇల్లు మాది. అట్లాంటి ఇంటి నుంచి ఒక్కగానొక్క ఆడబిడ్డను ఆయనకెందుకిచ్చారంటే, అబ్బాయికి భూమి ఉందని చెప్పారు. ఉన్నమాట నిజమే. ఆ భూమిని అన్నలు దున్నుకుంటున్నారనీ, ఈయన నాటకం కంపెనీ వెంట పెట్టె వాయిస్తూ ఊళ్ళు తిరుగుతున్నాడనీ పెళ్ళి బువ్వం తిన్నాక తెలిసింది.

మా అక్క సుగుణమ్మ ఒక్కనాడూ ఏడవలేదు. నాకు ఒళ్ళుమంట అక్కడే. ఏడిస్తే తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకునేవాళ్ళం. ఆమె నవ్వుకుంటూ కంపెనీ వెంట పోయింది. ఆడవేషాలు కట్టే మగవాళ్ళకు చీర కుచ్చిళ్ళు సర్దింది, ఊరూరా మూడు రాళ్ళ పొయ్యి పెట్టి వండింది. పండుగకు వచ్చినప్పుడు అవ్వ కళ్ళు తుడుచుకుంటే, "నువ్వెందుకేడుస్తవే అవ్వా, నాకు లేని ఏడ్పు నీకెందుకు?" అని అడిగేది.

హైదరాబాదులో నిజాం జూబ్లీ సంబురాలు జరిగిన మరుసటి ఏడు, ఆ కంపెనీ కామారెడ్డిలో కూలిపోయింది. డేరా కూలలేదు, కూల్చింది యజమాని. ఎవరికీ చెప్పకుండా తెరలూ కిరీటాలూ మూటకట్టుకుని మన్మాడు రైలెక్కి పోయాడు. కబురు తెలిసి నేను బండి కట్టుకుని పోయేసరికి అక్కా బావా స్టేషన్లో ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉన్నారు. ఏడుస్తూ కూర్చున్నారనుకుంటున్నారేమో, బావ హార్మోనియం వాయిస్తున్నాడు! రైలు దూరంగా ఉన్నప్పుడు ఎట్లా కూస్తుందో, దగ్గరికొచ్చాక ఎట్లా రొప్పుతుందో వేళ్ళతో చూపిస్తుంటే చుట్టూ మూగిన పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఆ ఇద్దరూ మా బావే.

ఆ గుంపులో నల్లకోటు తొడుక్కుని, చంకలో గొడుగు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. పేరు అబ్రాహాము. ఎల్లారెడ్డి సర్కారు బడికి హెడ్మాస్టరు. మెదక్ మిషన్ బడిలో చదువుకున్నవాడు, పాటతోనే ప్రార్థన చేసే ఇంట్లో పుట్టినవాడు. ఆయన ఎక్కవలసిన రైలు వచ్చింది, పోయింది కూడా. ఆయన మాత్రం కదలలేదు.

"మా బడికి వస్తవా పంతులూ?" అని అడిగాడు. "లెక్కలు చెప్పెటోళ్ళున్నరు, ఉర్దూ చెప్పెటోళ్ళున్నరు. పిల్లలతోని నోరు తెరిపిచ్చెటోడు ఒక్కడు లేడు."

బావ ఏమైనా అనేలోపు నేనే అందుకున్నాను. "సర్కారుల గసొంటి నౌకరీ ఉన్నదా సారూ?"

"లేదు," అన్నాడాయన దాచకుండా. "ఉగాది ముంగట నాజర్ సాబు తనిఖీకొస్తడు. పిల్లల పాట ఇని, పాట పంతులు కావాలని ఆయిన పైకి రాస్తె నౌకరీ పుడుతది. అప్పటిదాక నా జీతంలకెళ్ళి ఇంత ఇస్త. ఉండెతందుకు బడి ఎనుక అర్ర ఉన్నది."

నాజర్ సాబు అంటే జిల్లాలోని బళ్ళన్నీ తిరిగి తనిఖీ చేసే అధికారి. ఆయన తలచుకుంటే లేని నౌకరీ పుడుతుంది, ఉన్నది ఊడుతుంది.

ముందు రాజంపేటకు తీసుకొచ్చాను ఇద్దరినీ. బాపు అంతా విని, చుట్ట ఆర్పి, తీర్పు చెప్పాడు. "ఉగాదిదాక సూద్దాం. నౌకరీ అయితె అయింది. కాకుంటె నర్సింలు బండి తోల్కొని వస్తడు. పెట్టె కామారెడ్డిల అమ్మేసి మీరిద్దరు ఈడికి రావాలె. అల్లుడు మనింట్ల ఇల్లుటముంటడు, నాగలి పడ్తడు. సమ్మతమేనా?"

ఇల్లుటం అల్లుడంటే అత్తగారింటి తిండి తింటూ, మామ చెప్పిన పని చేస్తూ, బామ్మర్ది ముందు తలవంచుకుని బతికేవాడు. మా వైపు మగవాడికి అంతకన్నా చిన్నతనం లేదు. బావ పెట్టె మీద చెయ్యి వేసి, "సమ్మతమే మామా" అన్నాడు. పెద్దవాళ్ళ ముందు ఇచ్చిన మాట. ఇక తిరుగులేదు.

ఎల్లారెడ్డిలో వాళ్ళను దింపి వచ్చేటప్పుడు అక్క బండి దాకా వచ్చింది. "నాగలి పట్టినా ఆయినె బతుకుతడు రా నర్సింలూ. కానీ పెట్టె లేకుంటె, ఆయినె నా పక్కనే ఉన్నా నాకు కనవడడు," అంది. అక్క అంత మాట అనడం నేనెప్పుడూ వినలేదు. నేను ఎద్దుల్ని తిట్టాను.

కార్తీకంలో జొన్నల బస్తా దింపడానికి మళ్ళీ పోయాను. పోయినప్పుడు పాట క్లాసు జరుగుతోంది. బడి ముందు పెద్ద వాకిలి. ఒక చివర బడి గోడ. ఇంకో చివర, బాట పక్కన, హద్దుగా పాతిన ఇటుకల వరస, దాని అవతల ఒక వేపచెట్టు. పిల్లలు గోడ ముందు చేతులు కట్టుకుని, పోలీసు అమీను ఎదుట నిలబెట్టిన దొంగల్లా నిలబడ్డారు. ఎక్కువగా మగపిల్లలు, కొందరు ఆడపిల్లలు. చప్రాసి కిష్టయ్య బిడ్డ పోశవ్వ చివరన ఉంది. ముందటి పళ్ళు రెండూ ఊడి, నోరు తెరవడానికే సిగ్గుపడుతోంది.

బావ వాళ్ళకు కంపెనీ పాట నేర్పుతున్నాడు. రాజహంసను పిలిచి ఒక రాకుమారి తన విరహం చెప్పుకునే పాట. పెట్టె మాత్రం మోగుతోంది. పిల్లల నుంచి దోమల మోత తప్ప ఏమీ రావడం లేదు.

క్లాసయ్యాక, "బావా, గీళ్ళల్ల ఎవ్వడన్న హంసను సూసిండా?" అని అడిగాను.

"నేను మాత్రం సూసిన్నా?" అన్నాడు బావ. పాటలు కట్టాలనీ, అవి ఊరూరా పాడుకోవాలనీ ఆయనకు చిన్నప్పటి నుంచీ ఒక్కటే పిచ్చి. కంపెనీలో ఎన్నో కట్టాడు. అన్నింటికీ యజమాని పేరే పడింది. ఈ బళ్ళోనైనా తన పాట తనదవుతుందనుకుంటే, పాడే గొంతే లేకపోయింది. నాకు జాలేసింది. జాలేసిందని తెలిస్తే బావలు నెత్తికెక్కుతారు కనుక, "బాపు నాగలి చెక్కిస్తున్నడు, నీ ఎత్తుకు సరిపోతది" అని చెప్పి బండెక్కాను.

పుష్యంలో చెరువు కింద యాసంగి నాట్లు మొదలై బడి ఖాళీ అయింది. నాట్లప్పుడు పలకా బలపం అన్నవాణ్ణి మా వైపు పిచ్చివాడి కింద జమకడతారు. ఆడవాళ్ళు నాటేస్తారు, ఆడపిల్లలు వాళ్ళ పక్కనే వంగుతారు, మగపిల్లలు నారు కట్టలు మోస్తారు, చేతులు చాలకపోతే వాళ్ళూ వరసలో దిగుతారు. అబ్రాహాము సారు తలపట్టుకుని, "నువ్వు పోయి జర బతిమాలి తోల్కరా పంతులూ" అని బావను పంపించాడు. అక్కను చూడటానికి పోయి అప్పుడు నేను అక్కడే ఉన్నాను. మా బావకు మడికీ చెరువుకూ తేడా తెలుస్తుందో లేదోనని తోడు పోయాను.

ఆడవాళ్ళూ పిల్లలూ అడ్డంగా ఒకే వరస కట్టి, వంగి, నాటుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. అట్లా ఒక్క ఊపులో నాటుకుపోయే వరసనే మునుం అంటాం. ఈ ఒడ్డున పట్టిన మునుం ఆ ఒడ్డు చేరేదాకా ఆగదు. పాటా అంతే. మధ్యలో పాట ఆపితే పంట పలచబడుతుందని మా ఆడవాళ్ళ నమ్మకం. వాన పడ్డా, పాము కనబడ్డా, భూమి గల ఆసామి వచ్చి అరిచినా, మడమకు ఒడ్డు తగిలాకే నోరు మూస్తారు.

పాట ఎత్తిస్తున్నది ఎవరో తెలుసా? పోశవ్వ! బడిలో నోరు తెరవని ఆ పిల్ల గొంతు చెరువుకట్ట దాకా పోతోంది. పళ్ళ సందులోంచి గాలి పోతున్నా పిల్లకు పట్టింపు లేదు.

బావ చెప్పులు విడిచాడు. "పిల్లల్ని పిలవనీకె వచ్చినం బావా" అని నేను అంటూనే ఉన్నాను, మడిలో దిగాడు. దిగీ దిగగానే ఒక కాలు మోకాలిదాకా కూరుకుపోయింది. ఎట్లాగో లాక్కుని, వరస చివర వంగి, నారు అందుకున్నాడు. ఆయన నాటిన నాటు తాగినవాడి నడకలా పోయింది. ఆడవాళ్ళు ఊరుకుంటారా? నిలువునా పాటలో కట్టేశారు.

వంకర నాటేసె పంతులయ్యో, ఓ పిల్లా!
కొంగలే నవ్వవట్టె గట్టు మీద, ఓ పిల్లా!

మడి మడంతా నవ్వింది. సిగ్గుతో చచ్చింది నేను. బావ మాత్రం తనను వెక్కిరించే పాటకు తనే వంత పాడుతున్నాడు, అదీ గొంతెత్తి. ఒడ్డు చేరాక బురద మొహంతో నావైపు తిరిగాడు. "ఇన్నవా నర్సింలూ? ఎవలన్న రాసిచ్చిన్రా? నన్ను సూసిన్రు, కట్టిన్రు, పాడిన్రు. పాట కట్టుడంటె గిది! నేను ఇన్నేండ్లు ఏడ తిరిగిన్నో ఏమో!" అన్నాడు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చామన్న సంగతి పూర్తిగా మరిచిపోయాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడగకుండా పెట్టె ముందు కూర్చున్నాడు. ఎండిన బురద అలికిన నేల మీద పెళ్ళలుగా రాలుతోంది. అక్క చీపురు చేతిలో పట్టుకుని కూడా ఊడవకుండా చూస్తూ నిలబడింది. "కంపెనీల ఉన్నన్ని రోజులు గిట్ల వాయించంగ నేను ఇనలేదు రా," అంది.

నాట్లు ముగిసి పిల్లలు బడికొచ్చాక బావ వాళ్ళను నిలబెట్టలేదు. ఒక్కొక్కరి చేతికి గరిక కట్ట ఇచ్చి, గోడవైపు మొహాలు పెట్టి వరసగా వంగమన్నాడు. వాకిలే మడి, ఇటుకల వరసే ఒడ్డు. తాను హార్మోనియానికి తాడు కట్టి మెడకు తగిలించుకుని గోడ దగ్గర నిలబడ్డాడు. పిల్లలు తమ అలవాటు ప్రకారం వెనక్కి నడుస్తుంటే, ఆయన వాళ్ళకెదురుగా ముందుకు నడిచాడు. గొంతులు ఒక్కసారి విడివడ్డాయి.

రైలొచ్చె రైలొచ్చె కామారెడ్డికి, ఓ పిల్లా!
సుట్ట తాగే మామోలె పొగలిడిసె, ఓ పిల్లా!

బావ కట్టింది ఆ రెండు చరణాలే. ఆ పైన పిల్లలే కట్టారు. రైల్లో ఎవరెక్కారు, టికెట్టు లేనివాడు ఎక్కడ దాక్కున్నాడు, అబ్రాహాము సారు గొడుగు ఏ కిటికీలోంచి ఎగిరిపోయింది. సారు తన గదిలోంచి విని ఒకసారి గొడుగు తడుముకున్నాడు. కొత్త చరణం ఎవరు కట్టినా బావ దానికి వాళ్ళ పేరే పెట్టేవాడు. "గిది పోశవ్వ చరణం, గిది బద్యా చరణం, మల్లొక్కసారి!" అనేవాడు. బద్యా పక్క తండా పిల్లవాడు. తెలుగు అంతంతమాత్రం. తన పేరు వినబడగానే మాత్రం వాడి గొంతు అందరికన్నా పైకి లేచేది. ఎవరి గొంతు పక్కకు పోయినా బావ మధ్యలో ఆపేవాడు కాదు. ఇటుకల వరస చేరాకే తప్పు చెప్పి, "పోండ్రి, మల్ల గోడకు" అనేవాడు.

మళ్ళీ జొన్నలు దింపడానికి పోయినప్పుడు అది చూసి నేను ఊరుకోలేదు. "మొగపిలగాండ్లతోని బడిల సుత నాటేయిస్తున్నవు బావా. తండ్రులు కట్టెలు పట్టుకొని వస్తరు సూడు."

"నాటేసిన బువ్వ తినేటప్పుడు లేని సిగ్గు పాటకెందుకు నర్సింలూ?" అన్నాడు. నేను పోయి ఎద్దులకు గడ్డి వేశాను. వేస్తూ వేస్తూ నేనే "ఓ పిల్లా" అంటున్నానని గ్రహించి నాలుక కరుచుకున్నాను.

ఫాల్గుణంలో తనిఖీ రోజు తెలిసింది. "పెద్ద బండి కట్టు. గడ్డి మెత్తగ పరువు, పెట్టె పగులొద్దు," అన్నాడు బాపు. నౌకరీ అవుతుందన్న ఆశ ఆయనకు ఇసుమంత కూడా లేదు. నేను దారి పొడుగునా ఎద్దుల్ని మెల్లగా తోలాను. ఆ బండి ఖాళీగా తిరిగి రావాలని మనసారా కోరుకున్నాను. ఆ కోరిక నాకే కొత్తగా ఉంది.

తనిఖీ రోజు పొద్దున్నే పోశవ్వ బండి దగ్గరికొచ్చింది. "గీ గడ్డి ఎవలికి అన్నా?"

"మీ పంతులు పెట్టెకు. ఇయ్యాల మీ పాట నాజర్ సాబుకు నచ్చకుంటె పెట్టెను, పంతులును తీస్కపోత," అన్నాను. పిల్ల నన్ను పైకీ కిందికీ చూసి వెళ్ళిపోయింది.

లోపల అబ్రాహాము సారు బావను నిలేస్తున్నాడు. "నాజర్ సాబు కడక్ మనిషి. అధికారి ముంగట వీపు చూపిచ్చినోడు బతికి బట్టకట్టిండా? సెలవు తీస్కునేటప్పుడు సుత ఎనుకకు ఎనుకకు నడుస్తం గాని వీపు చూపియ్యం. ఇయ్యాల వంగుడు లేదు, నడుసుడు లేదు. చక్కగ నిలవెట్టి హంస పాట పాడిపియ్."

"నిలవడితె వాళ్ళకు గొంతు రాదు సారూ."

"గొంతు రాకున్న మాయె, ఇజ్జత్ ఉంటది."

బావ సరేనన్నాడు. తన జీతంలోంచి పంచి ఇచ్చిన మనిషి మాట ఎట్లా కాదంటాడు?

ఎండ ఏటవాలుగా బడి అరుగు మీద పడుతోందని కిష్టయ్య కుర్చీలూ బల్లా మోసుకుపోయి వేపచెట్టు నీడన వేశాడు. నాజర్ సాబు కుర్చీ ఇటుకల వరసకు ఆనుకుని పడింది. అప్పుడు ఎవరమూ దాన్ని పట్టించుకోలేదు.

షేర్వాణీ, ఎర్ర రూమీ టోపీ, చేతిలో గడియారం. నాజర్ సాబు లెక్కలడిగాడు, ఉర్దూ చదివించాడు, ఎవరినీ మెచ్చుకోలేదు. ఆఖరికి పాట. పిల్లలు గోడ ముందు చేతులు కట్టుకుని ఆయనకెదురుగా నిలబడ్డారు. బావ ఒక పక్కన బల్ల మీద పెట్టె పెట్టి వాయించాడు. హంస రానే వచ్చింది, దోమల మోతతో సహా. సాబు ఒక చరణం విన్నాడు, రెండో చరణానికి ఆవులించాడు.

"బస్, బస్!" అని చెయ్యెత్తాడు. పాట ఈ పిల్లల వల్ల కాదనీ, సర్కారు బడిలో ఈ షోకు అక్కరలేదనీ ఉర్దూలో అబ్రాహాము సారుకు చెప్పాడు. ఆ మాత్రం ఉర్దూ నాకూ వచ్చు. అక్కకూ వచ్చు. అర్ర గడపలో నిలబడిన ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు కూడా ఏడవలేదు. బావ హార్మోనియం తిత్తి మూసి కొక్కెం పెట్టాడు. ఆ కొక్కెం పడిన చప్పుడుకు నేను బండిలోని గడ్డి వైపు చూశాను.

అప్పుడు పోశవ్వ గోడవైపు తిరిగింది. నడుము వంచింది. గోడ మూల మొలిచిన గరిక పిడికెడు పీకి, ఆ ఊడిన పళ్ళ నోటితో పాట ఎత్తుకుంది.

రైలొచ్చె రైలొచ్చె కామారెడ్డికి, ఓ పిల్లా!

ఆమె పక్కన బద్యా తిరిగాడు. ఆ పక్కవాడు, ఆ పక్కవాడు. చూస్తుండగానే వరస మొత్తం గోడవైపు తిరిగి వంగింది. చేతికందిన గరికో, చెత్తో, ఆకులో పట్టుకుని గొంతెత్తి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. నాజర్ సాబుకు అటునుంచి ఏం కనబడుతోందో నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. జిల్లా తనిఖీ అధికారికి బడి బడంతా ముడ్లు చూపిస్తూ, పాడుకుంటూ ఆయన మీదికే వస్తోంది!

"యే క్యా బత్తమీజీ హై!" అని సాబు లేచాడు. అబ్రాహాము సారు "ఆపుండ్రి! ఆపుండ్రి!" అని గొడుగు ఊపాడు. మునుం పట్టాక ఆపడమంటే ఆ పిల్లలకు తెలిస్తే కదా! సారు బావవైపు తిరిగి, "పంతులూ, ఆపు జల్ది!" అని అరిచాడు.

బావ చెయ్యెత్తితే ఆగేవాళ్ళేమో. ఆయన పిల్లల్ని చూశాడు. గడపలోని అక్కను చూశాడు. కొక్కెం తీశాడు. పెట్టెను మెడకు తగిలించుకుని, గబగబా నడిచి గోడ దగ్గరికి పోయి, పిల్లలకెదురుగా నిలబడి సుతి అందించాడు. అంతే, పాట రెండింతలైంది. ఒకటే అనుకున్నాను నేను: ఇక నౌకరీ పోయింది, పోతే పోనీ, మా బావ మొగోడు!

మునుం వాకిలి దాటింది. పిల్లల మడమలకు ఇటుకలు తగిలాయి. ఒడ్డు చేరింది, పాట ఆగింది. నడుములెత్తి వెనక్కి తిరిగితే ఎదురుగా నాజర్ సాబు నిలబడి ఉన్నాడు, మొహం టోపీ రంగుకు తిరిగి.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. మునుం ఒడ్డు చేరినప్పుడు ఆ ఒడ్డు మీద ఎవరుంటే వాళ్ళు దొరికినట్టే. ఆసామి కానీ, బాటసారి కానీ, పట్వారి కానీ, నాటేసేవాళ్ళు వాళ్ళ కాళ్ళ చుట్టూ నారు పెట్టి దారి కడతారు. ఏదో ఒకటి ఇచ్చేదాకా పాట పాడి అడుగుతారు. ఇవ్వకుండా నారు దాటి పోయేవాడు మా వైపు పుట్టలేదు. పిల్లలకు తెలిసింది అదే. ఒడ్డు మీద ఎవరో ఉన్నారు. వెంటనే ఆయన బూట్ల చుట్టూ గరికా ఆకులూ పేర్చారు. పోశవ్వ ఎత్తుకుంది.

ఒడ్డు మీద నిలవడ్డ ఓ సాబూ, ఓ పిల్లా!
మా నారు దాటనీకె ఏమిస్తవో, ఓ పిల్లా!

"క్యా బోల్తీ హై?" అన్నాడు సాబు. అబ్రాహాము సారు చెమటలు తుడుచుకుంటూ ఆ ఆనవాయితీ గురించి చెప్పాడు. సాబు తన బూట్ల చుట్టూ ఉన్న చెత్తను చూశాడు. ఒక కాలు దాటబోయినట్టు ఎత్తాడు. అంతమంది పిల్లలు ఆ కాలినే చూస్తున్నారు. కాలు మళ్ళీ అక్కడే దించాడు. షేర్వాణీ జేబులోంచి రూపాయి తీసి పోశవ్వ ముందు పట్టాడు.

పోశవ్వ దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని పాడింది.

రూపాయి మాకొద్దు ఓ సాబూ, ఓ పిల్లా!
మా పంతుల్ని మాకిచ్చి పోవయ్యో, ఓ పిల్లా!

వరస మొత్తం అందుకుంది. సుతి అందించవలసిన చోట బావ వేళ్ళు కదల్లేదు. తల పెట్టె మీదికి వంచి ఏడుస్తున్నాడు. పాట పెట్టె లేకుండానే నడిచింది, ఒక్క గొంతు కూడా పక్కకు పోకుండా.

అబ్రాహాము సారు ఆ చరణం అర్థం చెప్పాడు. ఈసారి ఆయన చెమటలు తుడుచుకోలేదు. నాజర్ సాబు చేతిలోని రూపాయి వైపు చూసుకున్నాడు. తర్వాత ఉర్దూలో, సారుతో కాదు, తనతో తాను అనుకుంటున్నట్టు అన్నాడు: "ఇన్నేళ్ళుగా బడి బడికీ పోయి నేనే అడుగుతున్నాను. ఒక్క బడిలోనైనా పిల్లలు నన్ను ఏదైనా అడిగారా?"

రూపాయి జేబులో వేసుకుని, పోశవ్వ ఎత్తుకు వంగి, వచ్చీరాని తెలుగులో అన్నాడు. "ఇచ్చినం. మీ పంతులు మీకు ఇచ్చినం. ఇప్పుడు దారి ఇయ్యుండ్రి."

పిల్లలు కేకలు పెట్టి గరికంతా తీసి గాల్లోకి విసిరారు. సగం ఆయన టోపీ మీదే పడింది. అక్క పరుగెత్తుకొచ్చి బావ మెడలోని పెట్టె తాడు పట్టుకుని నిలబడింది. అన్నేళ్ళూ ఏడవని మనిషి నలుగురిలో భోరుమంది. నేను ఏడ్చానో లేదో మీకనవసరం.

మర్నాడు ఖాళీ బండి తోలుకుని రాజంపేట చేరాను. బాపు గడంచె మీద కూర్చుని బాట వైపే చూస్తున్నాడు. బండిలో ఎవరూ లేరని కనబడగానే లేచి నిలబడ్డాడు.

"ఏరి?"

"రారు బాపూ. నౌకరీ అయితది. నాజర్ సాబు మాటిచ్చిండు."

నౌకరీ ఎట్లా అయిందో మొత్తం చెప్పాను. పాట కూడా పాడి వినిపించాను. నా జన్మలో మా బాపు ముందు పాడడం అదే మొదలు. బాపు నవ్వలేదు. పశువుల కొట్టం వైపు నడిచాడు. వెనకే పోయాను. నేను బండి కట్టుకుని పోయాకే కాబోలు, అక్కడ కొట్టం పక్క అర్రకు కొత్తగా సున్నం వేసి ఉంది. నులక మంచం అల్లి ఉంది. అక్క చిన్నప్పుడు ఆడుకున్న లక్క బొమ్మలు గూట్లో వరసగా పెట్టి ఉన్నాయి. నాగలి ఎక్కడా లేదు.

"నాగలి చెక్కించిన అంటివి గదా బాపూ?"

"నాగలెందుకురా, ఆయినకు నాగలి పట్టొస్తదా?" అన్నాడు బాపు. గూట్లోని ఒక బొమ్మను సర్దాడు. "బిడ్డ ఇంట్ల ఉంటది గదా అనుకున్న."

ఇన్నాళ్ళూ మా బాపు పంతమే చూశాను నేను. బాపు ఆ అర్ర తలుపు దగ్గరికి వేశాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి నావైపు తిరిగి కసిరాడు.

"ఎద్దులకు నీళ్ళు పెట్టినవా? పెట్టు. పొద్దుగాల మల్ల బండి కట్టాలె. మీ అవ్వను సుత లేపు. నా అల్లున్ని నన్ను అడగకుండ ఇచ్చేసెతందుకు ఆ నాజర్ సాబు ఎవడు? మేం గూడ పోయి ఆ పాట ఇని, సమ్మతమో కాదో చెప్తం."